వీడ్కోలు విందునకు ముందు తేలవలసిన లెక్కలు

పెండ్లికి పురోహితుడు ముహూర్తము పెట్టును. ఉద్యోగవిరమణకు ప్రభుత్వమే ముహూర్తము పెట్టును. మన తెలంగాణమున 2021లో సర్కారు ఉద్యోగుల విరమణ వయస్సు 58 నుండి 61కి పెరిగెను. ఆంధ్రప్రదేశమున అది 2014లో 60కిని, 2022లో 62కిని పెరిగెను. ఉమ్మడి రాష్ట్రమున 1983లో 58గా నున్నదానిని 55కు తగ్గించినప్పుడు ఎన్నియో కుటుంబములు ఒక్కమారుగా కలవరపడెను. పిమ్మట మరల 58 చేసిరి. అంకె అటునిటు కదలినను, నెల చివరిదినమున కచేరీలో దండ, శాలువ, ఫలహారము, ఫొటో అను తంతు మాత్రము మారలేదు. సర్కారు ఉద్యోగి యింట ఆ దినము ముందే తెలియును గనుక ఇల్లాలు తగిన యేర్పాట్లు చేసికొనగలదు.

అంగడి గుమాస్తాకు అట్టి దినము లేదు. కన్ను కనబడినంతకాలము, చేయి ఆడినంతకాలము అతడు గద్దెమీద కూర్చుండి లెక్కలు వ్రాయును. ఒకనాడు జ్వరము వచ్చును. నాలుగు దినములు రాడు. అయిదవ దినమున ఆ చోట మఱియొకరు కూర్చుందురు. నలువదేండ్ల కొలువు అంతటితో ముగియును. మా మామగారి విషయమున అట్లు జరుగరాదని 2022వ సంవత్సరమున మేము తోడికోడండ్రమిరువురము పూనుకొని చేసిన యేర్పాట్లు, అట్టి సందర్భము వచ్చిన సోదరీమణులకు ఉపయోగపడునేమో యని ఇచ్చట వ్రాయుచున్నాము.

మా నివాసము ఉస్మాన్‌గంజ్ వెనుక సందులో నొక మేడమీది వాటా. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ పేరు మోయుచున్న యీ గంజు, ఇటు మొజంజాహీ మార్కెటునకును అటు అఫ్జల్‌గంజునకును నడుమ నున్నది. ఉదయము కిటికీ తెఱచినంతనే ఎండుమిరప ఘాటు ముక్కునకెక్కును. పసుపు, బెల్లము, చింతపండు, పప్పులు గోనెసంచులలో దిగుచుండును. హమాలీలు వీపున సంచి మోయుచు, దారి యిమ్మని కేకలు వేయుచుందురు. ఈ గంజులో నొక టోకు దుకాణమున మామగారు 1979లో, తమ యిరువదిరెండవ యేట, గుమాస్తాగా చేరిరి. చిట్టా, ఆవర్జా చేతితో వ్రాసిన కాలము మొదలుకొని కంప్యూటరు వచ్చిన కాలము వరకు ఆ గద్దెను విడువలేదు. వారు చేరిననాడు 1935లో కట్టిన మొజంజాహీ మార్కెటులో పండ్ల అంగడి సాగుచుండెడిది. అది కొత్తపేటకును, ఆపైన ఊరి వెలుపల బాటసింగారమునకును తరలిపోయెను. బజారులు కదలినవి, మామగారు కదలలేదు.

అరువదియైదేండ్లు నిండి, రాత్రివేళ అంకెలు కన్నులకు మసకబారగా, ఆ యేడు దసరా వెళ్లినపిదప కొలువు చాలింతునని మామగారు చెప్పిరి. ఆ మాట వినినంతనే మా బావగారును, మా వారును ఉత్సాహపడిరి. నాంపల్లిలో నొక హాలు తీసికొందమనిరి. ఛత్తా బజారులో బంగారువన్నె అక్షరములతో శుభలేఖలు అచ్చువేయింతమనిరి. ఒక పెద్దమనిషిని అధ్యక్షునిగా పిలిచి గజమాల వేయింతమనిరి. మొత్తము ఎనుబదివేల రూపాయలు కానున్నవి. తండ్రియెడ వారికిగల ప్రేమకు మేము సంతసించితిమి.

ఆ రాత్రి వంటయింటిలో అత్తగారు బియ్యమేరుచు మెల్లగా ననిరి: "శాలువతో పొయ్యి వెలుగునా అమ్మా? ఈయన జీతమాగిన మరుసటి నెల పాలవానికి ఏమి చెప్పుదును? ప్రతి రూపాయికి కొడుకుల మొగము చూడవలసినదేనా?" అందులకు మేము వెంటనే బదులు చెప్పలేకపోతిమి. మామగారికి పింఛను లేదు. కొడుకులు పెట్టరని కాదు. నలువదిమూడేండ్లు తన చేతిమీదుగా ఇల్లు నడపిన స్త్రీకి చేయి చాచుట యెంత కష్టమో సోదరీమణులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. విందు మాట తరువాత, ముందు ఈ లెక్క తేలవలెనని ఆ రాత్రియే నిశ్చయించుకొంటిమి.

మా తోడికోడలు వాణిజ్యశాస్త్రము చదివినది. పదిమందికి తక్కువ కాకుండ పనివారున్న దుకాణములకు అప్పటికి 1972 నాటి గ్రాట్యుటీ చట్టము వర్తించుచుండెనని ఆమె యెఱుగును. అయిదేండ్లు ఎడతెగక పనిచేసినవారు కొలువు చాలించునప్పుడు, ఏడాదికి పదునైదు దినముల జీతము చొప్పున యజమాని చెల్లింపవలెనని అందు ఉండెను. నెలకు ఇరువదియారు పనిదినములుగా లెక్కింతురు. మామగారి కడపటి జీతము 26,000 రూపాయలు. దానిని 26 చేత భాగించి 15 చేత గుణించినచో 15,000. దానిని 43 ఏండ్లతో గుణింపగా 6,45,000 రూపాయలు. దుకాణములో పనివారి సంఖ్య తరువాత పదికి తగ్గినను, ఒకసారి వర్తించిన చట్టము వర్తించుచునే యుండును.

ఈ లెక్క కాగితముమీద వేసి చూపగా మామగారు చాలసేపు మాటాడలేదు. ఊరివారి లెక్కలు పైసకు పైస సరిచూచిన మనుష్యుడు తన లెక్క యెన్నడును చూచుకొనలేదు. తుదకు, "ఆ యింటి యుప్పు తింటిని. పోవునప్పుడు చేయి చాచుట మర్యాదయా?" అనిరి. అందుకు మా తోడికోడలు, "మామయ్యా, మీ చిట్టాలో ఎవనికైన బాకీ యున్నచో, అది అడుగుకొనుట వానికి అమర్యాద యని మీరెన్నడైన అంటిరా?" అని యడిగినది. మూడు దినములు ఆలోచించి నాలుగవనాడు దరఖాస్తుపై చేవ్రాలు చేసిరి. సేటుగారు మొదట కొంత నివ్వెరపోయిరి; తమ ఆడిటరును పిలిపించి యడిగిరి; చట్టము చెప్పిన ముప్పది దినములలోపలనే రెండు చెక్కులుగా సొమ్ము చెల్లించిరి. అది అత్తగారు, మామగారు ఇరువురి పేరిట తపాలా కార్యాలయములో పెద్దల పొదుపుపథకమున వేయబడెను. నాటినుండి వడ్డీ సొమ్ము అత్తగారి చేతికి వచ్చుచున్నది.

ఇక విందు సంగతి. మామగారిని నలువదిమూడేండ్లు ఎఱిగినవారెవరని ఒక కాగితముమీద పేర్లు వ్రాసి చూచితిమి. హమాలీలు, తోపుడుబండ్లవారు, లారీల డ్రైవర్లు, దలాలులు, ప్రక్క దుకాణముల గుమాస్తాలు, చాయ తెచ్చు పిల్లవాడు వెరసి అరువదిమంది తేలిరి. వారిలో సగముమంది నాంపల్లి హాలునకు రాజాలరు. వచ్చినను వెనుక వరుసలో నిలుచుందురు. కావున విందు దుకాణము ముంగిటనే, లారీలు దిగుట ముగిసిన సాయంకాలము నాలుగు గంటలకు జరుపుటకు సేటుగారి యనుమతి గైకొంటిమి. అచ్చుపత్రికలు మానితిమి. తెలుగు, ఉర్దూ, హిందీ మూడింటిలో నొక కాగితము వ్రాసి తలుపునకు అంటించితిమి. చదువరానివారిని మేమే పోయి నోటితో పిలిచితిమి.

సేటుగారింట మాంసము ముట్టరు గనుక అందఱు తినదగిన శాకాహారమే చేయించితిమి. ఎనిమిది కిలోల బియ్యముతో బగారన్నము, గుత్తివంకాయ, మిర్చీ కా సాలన్, పెరుగుపచ్చడి, డబల్ కా మీఠా. చక్కెరవ్యాధి యున్న పెద్దలకొఱకు పండ్లముక్కలు వేఱుగ నుంచితిమి. అధ్యక్షుని పిలువలేదు. మాటాడుటకు అయిదుగురిని ముందే యడిగి, ఒక్కొక్కరికి మూడు నిముషములని చెప్పితిమి. శాలువలు తేవద్దంటిమి. వానికి మారుగా బేగంబజారులో ఎఱ్ఱగుడ్డ అట్టగల పొడుగాటి ఖాతాపుస్తకమొకటి కొని బల్లమీద నుంచితిమి. వచ్చిన ప్రతివారును మామగారి విషయమై తమకు జ్ఞాపకమున్న సంగతి యొకటి అందు వ్రాయవలెను. వ్రాయలేనివారు చెప్పగా మా పెద్దపాప వ్రాసి, వేలిముద్ర తీసికొనెను. మొత్తము వ్యయము పదునాలుగువేలు దాటలేదు.

ఆ దినమున మాటాడినవారిలో నొక ముసలి హమాలీ చెప్పిన మాట గంజులో ఇంకను చెప్పుకొందురు. సంచికి ఇంతయని కూలి పుచ్చుకొనువారికి లెక్కలో నొక సంచి తప్పినచో ఆ పూట కూటిలో అంత తఱుగు. "నేను మోసిన సంచి యొక్కటియైనను ఈయన చిట్టాలో తప్పిపోలేదు. లారీవాడు కాదన్నను, నేనే మఱచినను, ఈయన వ్రాసియుంచెను," అని చెప్పి అతడు కూర్చుండెను. అంతకుమించి ఏ పెద్దమనిషియు మామగారిని పొగడలేడని మాకు తోచినది. హాలు వలదన్నందుకు కొంత చిన్నబుచ్చుకొనిన మా బావగారు అప్పుడు లేచి ఆ ముసలివాని విస్తరిలో స్వయముగ వడ్డించిరి.

కడపట మామగారిని మాటాడుమనిరి. వారు చాలసేపు గొంతు సవరించుకొని, ప్రక్కన కూర్చున్న అత్తగారివైపు చూడకయే, "మధ్యాహ్నము ఒంటిగంటకు నా అన్నపుగిన్నె రాని దినము ఈ నలువదిమూడేండ్లలో లేదు. ఆ లెక్క మాత్రము నేను ఎందును వ్రాయలేదు," అని ఊరకుండిరి. అత్తగారు కొంగుతో మొగము తుడుచుకొనిరి. మేము వడ్డన చాలించి నిలుచుండిపోతిమి.

ఆ మాట మాకొక పని చెప్పినది. పురుషుడు కొలువు చాలించిననాడు ఇల్లాలి కొలువు పెరుగుట పెక్కిండ్ల కనుచున్నాము. అంతవరకు ఒంటిపూట యింటనుండు మనుష్యుడు దినమంతయు ఇంటనే యుండును. గంటకొక కాఫీ యనును. తోచక పోపులడబ్బా సర్దబోవును. అత్తగారికిని విరమణ కావలెనని, ఉదయపు వంట మేమిరువురము వారముమార్చి వారము వంతులు వేసికొంటిమి. ఆ వేళ వారు తమ యిష్టము వచ్చినట్లు గడుపుదురు. ఎక్కువగా ఇరుగుపొరుగు వారితో సుల్తాన్‌బజారునకు పోయివచ్చుదురు.

మామగారికిని మరునాటి ఉదయము ఏమి చేయవలెనన్నది విందునకు ముందే ఆలోచించితిమి. జపానుదేశమునను మనవలెనే అరువదేండ్ల సంవత్సరచక్రము కలదు. అది నిండినవారిని మరల పుట్టిరని భావించి, పసిబిడ్డకు వలె ఎఱ్ఱని చేతులులేని అంగీ తొడుగుదురు. ఆ వేడుకను కన్రెకీ యందురు. మన షష్టిపూర్తికిని అదే తాత్పర్యము. మన గిడుగు రామమూర్తి పంతులుగారు 1911లో ఉపాధ్యాయవృత్తి విరమించిరి. ఆ పిదపనే వ్యావహారికభాషోద్యమమును తీవ్రముగ నడపిరి. వారి సవరభాషా వ్యాకరణము 1931లో, అనగా వారి అరువదియెనిమిదవ యేట, అచ్చుపడెను. అందఱును అంతటివారు కానక్కఱలేదు గాని, లేచినపిదప పోవుటకొక చోటును, తమకొఱకు ఎదురుచూచు మనుష్యులును అందఱికిని కావలెను.

అఫ్జల్‌గంజులోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయము మా యింటికి నడకదూరము. 1891లో ఆసఫియా గ్రంథాలయముగా మొదలైనది. మామగారు ప్రతి ఉదయము అచ్చటికి పోయి పత్రికలు చదువుకొని వత్తురు. వారమునకు రెండు సాయంత్రములు గంజులో క్రొత్తగా చేరిన పిల్లలకు జమాఖర్చు నేర్పుదురు. ఎఱ్ఱగుడ్డ ఖాతాపుస్తకము బీరువాలో పట్టుచీరల ప్రక్కన నున్నది. అత్తగారు అప్పుడప్పుడు తీసి, ఏదో యొక పుట చదివి వినిపింపుమందురు.

సోదరీమణులారా! మీ యింట నిట్టి దినము వచ్చుచున్నచో, హాలు కుదుర్చుకొనుటకు ఆఱుమాసములు ముందుగనే కొలువులో చేరిన తేదీ, కడపటి జీతము, యజమానినుండి రావలసినది ఒక కాగితముమీద వ్రాసికొనుడు. చట్టములు మారుచుండును గనుక ఆనాటి నియమమేమో తెలిసినవారినడిగి తెలిసికొనుడు. పిలువవలసినవారి పేర్లలో వెంట పనిచేసినవారివి మొదట వ్రాయుడు. ఆయనతోపాటు ఇన్నియేండ్లు నిప్పులకడ నిలిచిన యామెకు మరునాటినుండి ఏ పని తగ్గింపవలెనో ఇంటిల్లిపాదియు కూర్చుండి నిర్ణయింపుడు. ఇవి తేలినపిదప, దండకు పూలు మొజంజాహీ చెంతనే దొరకును.