వేయి పువ్వుల గుడ్డ

పిల్లలూ! కలంకారి దుప్పటి మీలో చాలామంది చూసే ఉంటారు. దాని మీద ఒకే పువ్వు, ఒకే తీగ వరసగా వందలసార్లు కనిపిస్తుంది. "ఒకే పువ్వును ఇన్నిసార్లు అద్దితే, అద్దేవాడికి విసుగు పుట్టదా?" అని మీకెప్పుడైనా తోచిందా? ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ ఇవాళ జగ్గయ్యపేట నుంచి పెడన దాకా పోయివద్దాం, రండి.

జగ్గయ్యపేట పాత పేరు బేతవోలు. రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు తన తండ్రి జగ్గయ్య పేర దానికి ఈ పేరు పెట్టాడు. ఇదీ, నందిగామా కృష్ణాజిల్లా మెట్టప్రాంతం. 2022 లో జిల్లాలను విడదీసినప్పుడు రెండూ ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరాయి. ఇక్కడి నల్లరేగడి చేలలో పత్తి, మిరప పండుతాయి. ఎంత గొప్ప గుడ్డ అయినా మొదట పత్తికాయలోంచే కదా రావాలి! అందుకని మన ప్రయాణం ఇక్కడే మొదలుపెట్టడం సబబు.

బస్సు ఎక్కేముందు ఊరి దగ్గర ఉన్న ధనబోడు చూడండి. అక్కడ సుమారు 2000 ఏళ్ళనాటి బౌద్ధస్తూపం ఉన్నది. 1882 లో జేమ్స్ బర్జెస్ అనే పండితుడు దాన్ని తవ్వించి లోకానికి తెలియజేశాడు. ఆనాటి భక్తులు ఆ స్తూపం చుట్టూ ప్రదక్షిణలు చేసేవారు. ఒక చుట్టు అయిన తరువాత మరొకటి. అదే దారి, అవే అడుగులు. చేసిన పనినే మళ్ళీ మళ్ళీ చేసి మనసును ఒకచోట నిలపడం ఈ నేలకు ఎంత పాత సంగతో చూశారా?

ఇక నందిగామ చేరాం. మధ్యాహ్నమైతే మసీదు నుంచి అజాను వినిపిస్తుంది. అది నమాజుకు పిలుపు. రోజుకు ఐదుసార్లు ఆ పిలుపు వస్తుంది. దుకాణంలో ఉన్నవారు కూడా పని ఆపి, కాళ్ళూ చేతులూ ముఖమూ కడుక్కుని, చిన్న గుడ్డ పరుచుకుని మక్కా వైపు తిరిగి నిలబడతారు. మక్కా మనకు పడమటి దిక్కున ఉన్నది. ఆ గుడ్డను జానమాజు అంటారు.

నమాజు అయిన తరువాత కొందరు తస్బీ తిప్పుతూ కూర్చుంటారు. అది పూసల దండ. అందులో 33 పూసలో, 99 పూసలో ఉంటాయి. పూస పూసకూ దేవుణ్ణి తలుచుకుంటారు. ఇలా మాటిమాటికీ తలుచుకోవడాన్ని జిక్ర్ అంటారు. దేవుడు నన్ను చూస్తూనే ఉన్నాడనే ఎరుకతో మౌనంగా కూర్చునే ధ్యానం కూడా ఒకటి ఉన్నది. దాని పేరు మురాకబా. సూఫీలు దీన్ని ఎక్కువగా సాధన చేస్తారు.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. హదీసు గ్రంథాలలో చెప్పిన సంగతి ఇది. ఒకసారి ముహమ్మద్ ప్రవక్త చిత్రాలు నేసిన దుప్పటి కప్పుకుని ప్రార్థన చేశారు. నడుమ ఆయన చూపు ఆ చిత్రాల మీదికి పోయింది. ప్రార్థన ముగియగానే ఆ దుప్పటిని అబూ జహ్మ్ అనే ఆయనకు పంపి, బదులుగా సాదా దుప్పటి తెమ్మన్నారు. అందుకని ఈనాటికీ ప్రార్థనకు సాదా గుడ్డే మేలనుకునేవారు ఉన్నారు. మరి పువ్వులు అద్దిన జానమాజులు ఎలా వచ్చాయి? పువ్వు మనసును చెదరగొట్టదా?

దీనికి జవాబు కావాలంటే బందరు బాట పట్టాలి. నందిగామ దాటితే కంచికచర్ల, పరిటాల, ఆ తరువాత బెజవాడ. అక్కడ బస్సు మారి బందరు పోవాలి. ఈనాడు హైదరాబాదు నుంచి బందరు పోయే రహదారికి 65 అనే సంఖ్య ఉన్నది. 1518 నుంచి 1687 దాకా గోలకొండను ఏలిన కుతుబ్ షాహీలకు బందరే పెద్ద రేవు. 1605 లో డచ్చివారు, 1611 లో ఇంగ్లీషువారు అక్కడికి వర్తకానికి వచ్చారు. బందరు అద్దకం గుడ్డలు ఓడలెక్కి పారసీక దేశానికి పోయేవి. "కలంకారి" అనే మాటే పారసీకం; కలంతో చేసే పని అని దాని అర్థం. పేరులో కలం ఉన్నా, బందరు పనివారు ఎక్కువగా వాడేది చెక్క అచ్చులు.

అలా పోయిన గుడ్డల్లో జానమాజులు కూడా ఉండేవి. వాటి మీద మసీదు గోడలోని మిహ్రాబు వంటి కమాను, దాని లోపల చెట్టో పూలకుండో, చుట్టూ తీగలూ ఉండేవి. ప్రార్థన చేసేచోట మనుషుల బొమ్మలు, జంతువుల బొమ్మలు ఉండకూడదు గనుక పనివారి నేర్పంతా తీగల మీదికి, పువ్వుల మీదికి మళ్ళింది.

ఇప్పుడు ఆ పని చూడాలంటే బందరుకు దగ్గరలో ఉన్న పెడన పోవాలి. హిందువులూ ముస్లిములూ కూడా ఈ పని చేస్తారు. ముందుగా గుడ్డను ఉతికి గంజి పోగొట్టి, కరక్కాయ నీళ్ళలో ముంచి ఆరబెడతారు. తుప్పుపట్టిన ఇనుమునూ బెల్లాన్నీ నీళ్ళలో ఊరవేసిన రసాన్ని అచ్చుతో అద్దగానే, కరక్కాయలోని వగరు పదార్థంతో కలిసి నల్లగీత తేలుతుంది. ఎరుపు సంగతి వేరు. దాని కోసం అద్దేది పటికనీళ్ళు. పటికకు రంగు లేదు. అద్దింది తెలియడం కోసమే అందులో కాస్త రంగు కలుపుతారు. అసలు ఎరుపు గుడ్డను కాలవలో జాడించి, రంగునీళ్ళలో మరిగించినప్పుడు గాని బయటపడదు. పటిక పడినచోట ఎరుపు పట్టుకుంటుంది. మిగతాచోట తేలికగా పోతుంది. పూర్వం ఈ ఎరుపు చిరివేరు నుంచి వచ్చేది. ఆ వేరులోని అలిజరిన్ అనే పదార్థాన్ని 1868 లో ప్రయోగశాలలో తయారుచేశారు. ఇప్పుడు ఎక్కువగా వాడేది అదే.

ఒక లెక్క వేయండి. టేకు అచ్చు 10 సెంటీమీటర్ల చదరం అనుకుందాం. దుప్పటి 2 మీటర్ల వెడల్పు, రెండున్నర మీటర్ల పొడవు. అడ్డంగా 20, నిలువుగా 25. మొత్తం 500 అద్దకాలు. నలుపు గీతలకు ఒక అచ్చు, ఎరుపు నింపడానికి మరొకటి. అంటే 1000 సార్లు! ప్రతిసారీ అచ్చును రంగు పెట్టెలో ఒత్తాలి, ముందు పడిన పువ్వు పక్కనే సరిగ్గా ఆనించాలి, పిడికిలితో ఒక దెబ్బ వేయాలి. ఒక్క క్షణం మనసు పక్కకు పోతే పువ్వు వంకర పోతుంది. పడిన అద్దకాన్ని చెరపడానికి వీలులేదు.

మొదటి ప్రశ్నకు జవాబు ఇక్కడ ఉన్నది. తస్బీ తిప్పేవాడికి వందో పూస మొదటి పూస వంటిదే. అద్దకం పనివాడికి కూడా వెయ్యో పువ్వు మొదటి పువ్వు వంటిదే. ఇద్దరూ చేసేది చేతిలో ఉన్న ఒక్కదాన్నే శ్రద్ధగా చేయడం. ఇక రెండో ప్రశ్న. ఒకే తీగ సమంగా పరుచుకుని ఉంటే, చూపును పట్టి లాగే బొమ్మ ఏదీ ఉండదు. చూపు కాసేపు తిరిగి నెమ్మదిస్తుంది. నెమ్మదించకపోతే సాదా గుడ్డ ఉండనే ఉన్నది.

ఇప్పుడు తెరల మీద రంగు లాగి త్వరగా గుడ్డలు అచ్చు వేస్తున్నారు. వాటి ధర తక్కువ. అందువల్ల చెక్క అచ్చుల వారికి పని తగ్గింది. ఈసారి కలంకారి కొనేటప్పుడు అమ్మానాన్నలతో కలిసి పువ్వుల వరసను దగ్గరగా చూడండి. పువ్వుకూ పువ్వుకూ వెంట్రుకవాసి తేడా ఉంటే అది చేతిపని అన్నమాట.

ఇంటికి వచ్చాక ఒక పని చేయండి. ముదిరిన బెండకాయను అడ్డంగా కోయండి. గదులు గదులుగా చక్కని పువ్వు కనిపిస్తుంది. దాన్ని రంగులో ముంచి కాగితం మీద వరసగా 33 సార్లు అద్దండి. అద్దుతున్నంతసేపూ మాట్లాడకండి. అయిన తరువాత వరస ఎక్కడ వంకర పోయిందో చూసి, ఆ క్షణాన మీ మనసు ఎక్కడ ఉన్నదో గుర్తు చేసుకోండి. మర్నాడు మళ్ళీ అద్ది, రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూడండి.