మూగజీవముల నడకయు మా భావి వృత్తియు

మంచిర్యాల జిల్లాలోని జైపూరు మా స్వగ్రామము. ఇచ్చట 2016వ సంవత్సరమునుండి సింగరేణివారి విద్యుత్కేంద్రము పనిచేయుచున్నది. కావున నిచ్చటి విద్యార్థి గనిలో నుద్యోగమునో, ఇంజనీరు పదవినో కోరుట పరిపాటి. కుంటువడిన పశువులను మరల నడిపించు విద్య నేర్వగోరెదమని మేము చెప్పగా సహాధ్యాయులు నవ్విరి. ఆ నవ్వునకు బదులుగా నీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా యింటి యెద్దొకటి దుక్కిలో జాఱిపడగా దాని ముందుకాలు బెణికెను. పశువైద్యులు పరీక్షించి, ఎముక విఱుగలేదని చెప్పి మందిచ్చిరి. వాపు తీసినది గాని నడక కుదురుపడలేదు. నొప్పికి వెఱచి కాలు మోపదు. మోపకుండుటచే కండ క్షీణించును. కండ క్షీణించినకొలది మోపుట మఱింత కష్టమగును. సంతకు తోలుడని ఇరుగుపొరుగువారనిరి. పనికిరాని యెద్దు సంతనుండి యెచ్చటికి బోవునో చదువరు లెఱుగుదురు. మా తాతగారు వైద్యుల సలహాపై రెండుపూటల కాపడము పెట్టి, మెల్లగా మర్దించి, మెత్తని నేలపై నాడు పది యడుగులు, మఱునాడు పదునైదు నడిపించిరి. రెండు మాసములకు అది బండి లాగకపోయినను స్వయముగా మేతకు బోగలిగెను.

ఈ పనినే శాస్త్రయుక్తముగా జేయుటకు పశు ఫిజియోథెరపీ యని పేరు. మర్దనము, కీళ్లను వంచి చాచుట, శీతోష్ణప్రయోగము, లేసరు కిరణములు, నీటిలో నడిపించుట దీని సాధనములు. నీరు దేహభారమును కొంత మోయును గనుక నేలపై నిలువలేని కాలు నీటిలో కదలగలదు. పందెపు గుఱ్ఱములకు ముందుకాళ్ల స్నాయువులు చెడుట సామాన్యము. అవి మానుటకు మాసములు పట్టును. నడకనుండి పరుగునకు మెట్టు మెట్టుగా దేవలెను. బొగ్గునకును గుఱ్ఱమునకును పాత చుట్టరికము గలదు. 1913 ప్రాంతమున బ్రిటను గనులలో సుమారు 70,000 గుఱ్ఱములు పనిచేసెను.

ఈ వృత్తికి మన దేశమున రాజమార్గము పశువైద్య పట్టమే. ఏలయన, 1984వ సంవత్సరపు చట్టము ననుసరించి పశువైద్యవృత్తి నమోదైన వైద్యులది. చదువు ఐదున్నర సంవత్సరములు. రాజేంద్రనగరునందును, మనకు పొరుగగు జగిత్యాల జిల్లా కోరుట్లయందును కళాశాలలు గలవు.

అయినను ఒక చిక్కు గలదు. హైదరాబాదు మలక్‌పేటలోని పందెపు గుఱ్ఱమునకు, నగరమునందలి పెంపుడు కుక్కకు వ్యయపరచువారుందురు. రైతు తన యెద్దునకు అంత యీయజాలడు. కావున జీవనమునకు పశువైద్యమును, దానితోపాటు ఈ విద్యను నేర్చి, కాపడము, మర్దనము, కొలతగా నడిపించుట రైతులకే నేర్పవలెనని మా సంకల్పము. వీనికి కావలసినది ధనముకన్న ఓర్పు. ఓర్పు మన పల్లెలలో కొఱవడలేదు.