పెద్దపాలేళ్లు

మా మిర్చి సీమలో పంట పోతే పెద్దపాలేరును మార్చే రైతులుండేవారు. తెగులు అతడు తెచ్చాడా అని అడిగిన పాపాన పోయినవారు లేరు. హైదరాబాదు క్రికెట్ జట్టు కెప్టెన్ల వరస చూస్తే నాకదే జ్ఞాపకం వస్తుంది.

2008లో దక్కన్ ఛార్జర్స్‌కు మొదటి నాయకుడు మన లక్ష్మణ్. అతనికి గాయమైతే గిల్‌క్రిస్ట్ పగ్గాలు పట్టాడు. జట్టు అట్టడుగున నిలిచింది. అయినా అతన్ని మార్చలేదు. మరుసటేడు కప్పు తెచ్చాడు! 2012తో ఆ జట్టే పోయింది. 2013లో సన్‌రైజర్స్ వచ్చింది. సంగక్కర, వైట్, ధావన్, సామీ—రెండేళ్లలో నలుగురు! ఇల్లు కుదరని అద్దెదారులైనా ఇంత త్వరగా మారరు సుమా.

తరువాత వార్నర్. 2016లో బెంగుళూరు ఫైనల్లో 38 బంతుల్లో 69 పరుగులు కొట్టి కప్పు తెచ్చాడు. 2020 లాక్‌డౌన్‌లో ‘బుట్టబొమ్మ’ పాటకు చిందులేసి మా ఇళ్లకు కొత్తల్లుడయ్యాడు. 2021లో ఆరు ఆటల్లో అయిదు ఓడగానే మే 1న కెప్టెన్ పదవి ఊడింది. మర్నాడు జట్టులోనే చోటు లేదు.

“మన అల్లుడేడిరా?” అంది అమ్మ, టీవీ ముందు కూర్చుని. లెక్క చెప్పాను.

“ఆ అయిదూ అతనొక్కడే ఓడాడుట్రా?”

పగ్గాలు విలియమ్సన్ పట్టాడు. ఆ ఏడు ఎనిమిది జట్లలో మనది ఎనిమిదో స్థానం.