పన్నుకీ పొన్ను కావాలి

ఈసారి రాసేది పంట గురించి కాదు, పంటి గురించి. నవ్వకండి. మన ఊళ్లో యాభై దాటినవాళ్లని వరసగా నిలబెట్టి నోరు తెరవమంటే, దవడ పళ్లు అన్నీ ఉన్నవాళ్లు ఎంతమంది తేలతారో మీకే తెలుసు. పోటు పుడితే లవంగం పెట్టుకుంటాం, మందుల షాపులో బిళ్ల తెచ్చి మింగుతాం, అదీ ఆగకపోతే పీకించేస్తాం. పీకించడం తేలికే. ఆ తర్వాత జొన్నరొట్టె నమలడమే కష్టం.

మా చిన్నాయన సంగతి చెప్తాను. కింద దవడ పన్ను పుచ్చి రెండు రాత్రులు నిద్ర లేకపోతే టౌనుకి తీసుకెళ్లాం. రూట్ కెనాల్ చేశారు. అంటే పన్ను లోపల చెడిపోయిన నరాన్ని తీసేసి, వేళ్ల చివర దాకా శుభ్రం చేసి, ఆ సందులు నింపి మూసేయడం. పోటు పోయింది. "ఆలస్యం చేయకుండా వచ్చి క్యాప్ వేయించుకో పెద్దాయనా" అని డాక్టరు చెప్పి పంపాడు. అప్పుడే మిరప నాట్లు. క్యాప్‌కని దాచిన డబ్బు నారుకీ కూలీలకీ పోయింది. "నొప్పే లేదు కదరా, ఇంక క్యాప్ ఎందుకు, సోకుకా?" అన్నాడు. కోతలనాటికి ఓ సాయంత్రం వేయించిన శనగలు నములుతుంటే పన్ను టక్కున నిలువునా చీలింది. చీలిక వేరు దాకా పోయింది. ఇక దీనికి ఏ క్యాపూ నిలవదు, పీకాల్సిందే అన్నారు. రూట్ కెనాల్‌కి పెట్టిన డబ్బూ పోయె, పన్నూ పోయె.

అసలు తిరకాసు ఇక్కడే ఉంది. నరం తీసేశాక పోటు ఉండదు. పోటు లేదు కాబట్టి బాగైపోయిందనుకుంటాం. కానీ పుచ్చు తిన్నది కొంత, లోపలికి దారి కోసం డాక్టరు తొలిచింది కొంత పోగా, మిగిలేది చుట్టూ పల్చటి గోడలే. చెద తిన్న దూలం కూడా పైకి బాగానే కనపడుతుంది, బరువు పడినప్పుడే దాని సంగతి తెలుస్తుంది. నోట్లో ఎక్కువ బరువు పడేది దవడ పళ్ల మీదే. గట్టిది నమిలినప్పుడల్లా ఆ గోడలు పక్కలకి విచ్చుకోవాలని చూస్తాయి.

రోకలికి పొన్ను ఎందుకు వేస్తాం? దంచేటప్పుడు కర్ర చీలకుండా. ఎద్దుబండి చక్రానికి ఇనప పట్టా ఎందుకు? చెక్కముక్కలు విడిపోకుండా. క్యాప్ చేసే పనీ అదే, పన్నుని చుట్టూ బిగించి పట్టుకుంటుంది. సోకు సంగతి తర్వాత. అయితే పొన్ను పట్టుకోడానికి కర్ర ఉండాలిగా! అందుకే చిగురు పైన చుట్టూ ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్లయినా గట్టి పన్ను మిగిలిందా అని డాక్టర్లు చూస్తారు. ఆలస్యం చేసేకొద్దీ అది విరిగి తగ్గిపోతుంది.

నేను రూట్ కెనాల్ అయిన పదిహేను రోజులకే వేయించుకున్నాను. మొదటిరోజు పన్ను చుట్టూ, పైనా కాస్త అరగదీస్తారు. క్యాప్ కూర్చోడానికి చోటు కావాలి కదా, మిల్లీమీటరు నుంచి రెండు దాకా పోతుంది. తర్వాత మెత్తటి ముద్ద పెట్టి కొరికించి అచ్చు తీస్తారు. కొన్ని చోట్ల చిన్న కెమెరాతోనే తీస్తున్నారు. ఆ అచ్చు ల్యాబుకి పోతుంది. నాకు వారానికి అసలు క్యాప్ వచ్చింది, అప్పటిదాకా తాత్కాలికంగా ఒకటి పెట్టారు. బిగించే ముందు రంగు కాగితం కొరికించి చూస్తారు. ఎత్తుగా తగులుతుంటే మొహమాటపడకుండా అప్పుడే చెప్పండి. లేదంటే తినేటప్పుడల్లా అదే ముందు తగిలి నొప్పి పెడుతుంది.

రకాలు ముఖ్యంగా మూడు. పూర్తి లోహంది చౌక, గట్టిది, పన్నూ తక్కువ అరగదీస్తే సరిపోతుంది. రంగు మాత్రం లోహం రంగే. గిల్టు నగ పెట్టుకుంటే దురద వచ్చేవాళ్లు ముందే డాక్టరుకి చెప్పాలి, చాలావాటిలో నికెల్ ఉంటుంది. రెండోది లోపల లోహం, పైన పింగాణీ. పన్ను రంగులో ఉంటుంది గానీ పింగాణీ పెచ్చు లేచే అవకాశం ఉంది. మూడోది జిర్కోనియా, లోహం కనపడదు, బాగా గట్టిది, ఖరీదూ ఎక్కువే. నాది లోపలి దవడ పన్ను, ఎవరికి చూపించాలి? లోహందే వేయించాను. ప్రైవేటులో రేటు ఊరికో తీరుగా ఉంటుంది, రూట్ కెనాల్‌కీ క్యాప్‌కీ కలిపి ఎంతవుతుందో మొదలుపెట్టకముందే అడగండి. విజయవాడ, కడప, హైదరాబాదుల్లో ప్రభుత్వ దంత వైద్య కళాశాలలు ఉన్నాయి. ఖర్చు తక్కువ, నాలుగుసార్లు తిరిగే ఓపిక మాత్రం ఉండాలి.

అలాగని ప్రతి పన్నుకీ క్యాప్ అక్కర్లేదు. చిన్న పుచ్చుకి ఫిల్లింగ్ చాలు. ముందు పళ్లకి రూట్ కెనాల్ చేసినా, పన్ను ఎక్కువ మిగిలి ఉంటే కొన్నిసార్లు క్యాప్ లేకుండానే సరిపోతుంది. ఎందుకు వేయాలో ఎక్స్‌రే చూపించి చెప్పమనండి. అడగడంలో తప్పు లేదు, డబ్బు మనది, పన్నూ మనదే.

ఇంకో మాట. క్యాప్ పుచ్చదు, కానీ దాని అంచు కింద ఉన్న మన పన్ను పుచ్చుతుంది. రాత్రి పడుకునేముందు చిగురు అంచు దగ్గర మెత్తటి బ్రష్‌తో తోమండి. బొగ్గు, ఇటుక పొడి మానేయండి. వక్కలు కొరకొద్దు. ఎప్పుడైనా ఊడిపోతే ఇంట్లో ఫెవిక్విక్ లాంటివి పెట్టి అతికించకండి, కాగితంలో చుట్టి డాక్టరు దగ్గరికే తీసుకెళ్లండి.

రూట్ కెనాల్ చేయించి క్యాప్ వదిలేయడమంటే, నారు పోసి నాటకుండా వదిలేసినట్టే. మీ ఇంట్లో అలా వదిలేసినవాళ్లు ఉంటే పంట డబ్బు వచ్చేదాకా ఆగమనకండి, చౌకలో లోహందైనా వేయించండి. అంతవరకూ ఆ పక్కన శనగలూ బొమికలూ నమలొద్దని చెప్పండి. ఫోను చూడని పెద్దవాళ్లకి ఇది చదివి వినిపించండి.