వారంటీ కార్డు మీద పేరు

గీజర్ అడుగు నుంచి నీళ్ళు కారుతున్నాయి. చూడ్డానికొచ్చిన మెకానిక్ మొదటి ప్రశ్న: "సార్ లేరా మేడమ్?"

సాహిత్యంలో డాక్టరేట్ ఉన్న నాకు అతన్ని ఏం అడగాలో తెలియలేదు. చిన్నప్పుడు కట్టెల పొయ్యి మీద అందరికీ నీళ్ళు కాచింది అమ్మ. ఏది కొన్నా బేరమాడింది నాన్న. ఈసారి నేనే తెలుసుకున్నాను. నీళ్ళు వేడెక్కకపోతే ఎలిమెంటో థర్మోస్టాటో మారిస్తే సరిపోవచ్చు. ట్యాంకే కారితే కొత్తది కొనాల్సిందే. దుకాణదారు 25 లీటర్లది అంటగట్టబోయాడు. బకెట్ స్నానాలు చేసే అమ్మకూ నాకూ 15 చాలన్నాను. బిగింపు కూలి, పైపుల ధర విడివిడిగా రాయించాను.

"వారంటీ కార్డు మీద సార్ పేరు చెప్పండి" అన్నాడు.

అమ్మ పేరు చెప్పాను. మా ఇంట్లో ఏ వస్తువు కాగితం మీదా ఇంతవరకూ ఆమె పేరు లేదు.