తప్పిపోయిన తోడేలు

ఒకనాటి రాత్రి మా మఱది భోజనమునకు లేవక కంప్యూటరు ముందే కూర్చుండి, "వదినా, తోడేలు తప్పిపోయినది" అనెను. నవ్వబోయి, అతని ముఖము చూచి యూరకుంటిని.

అతడు ఇంజనీరింగు కడపటి సంవత్సరమున నున్నాడు. చిన్న చిప్పు నొకదానిని రచించి చూపవలెను. గోరంత సిలికాను పలుకుపై వేలకొలది గడులలో ఏది యెచట నుండిన తీగెల పొడవు తగ్గునో చేతితో తేల్చుట కష్టము. అందులకు సాఫ్టువేరు కావలెను. వర్తకు లమ్మునది బడిపంతులు జీతముతో సాగు మా యింట కొనదగినది కాదు. 'టింబర్ వుల్ఫ్' అనునది 1980ల నడుమ అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయమున పుట్టి, యేల్‌లో పెరిగినది. కొంతకాలము సోర్సు కోడుతో సహా ఉచితముగా పంచిరి. పిదప వ్యాపారము పాలైనది.

దాని పనితీరు నాకు మిక్కిలి నచ్చినది. ఎఱ్ఱగా కాచిన లోహమును మెల్లగా చల్లార్చినచో లోపలి యణువులు కుదురుకొనును గదా! ఇదియు నట్లే. వేడి హెచ్చుగా నున్నట్లు భావించునపుడు చెడు మార్పును సైత మొప్పుకొనును. చల్లారినకొలది మంచి మార్పునకే సమ్మతించును. వంటయింటి యలమర సర్దునపుడు ముందన్నియు క్రిందికి దింపి చిందరవందర చేయక బాగుపడునా?

మూడు రాత్రులు వెదకినను వ్యాసములలో పేరేగాని వస్తువు దొరకలేదు. నాకు మా నాన్నగారు గుర్తుకువచ్చిరి. వారు వసుచరిత్రకు స్వహస్తముతో వ్రాసికొన్న టిప్పణముల పుస్తకమును, ఇల్లు మారునపుడు చూచుకొనక, పాతకాగితములవానికి నేనే వేసితిని. వారి శిష్యుల నడిగి చూడవలెనని తోచునప్పటికి ఏండ్లు గడచినవి.

"రచించినవారి యింట కాదు నాయనా, వాడుకొన్నవారి యింట వెదకుము" అంటిని.

అట్లే దొరికినది. 'క్యూఫ్లో' అను ఉచిత సాధనముల సముదాయము ఆ పాత తోడేలునే నమ్ముకొని యుండెనట. 6.3.5 సంఖ్యగల ప్రతినుండి మఱల తీసి, 'గ్రేవుల్ఫ్' అను పేర నిలుపుకొనిరి. తుది తీగెలు పఱచుట దాని పని కాదు. అందులకు వేఱొకటి కావలెనని మఱది మఱునాడు గొణిగెను. ఆ రాత్రి మాత్రము చల్లని యన్నమే రెండుమార్లు వడ్డించుకొని తినెను.

పిమ్మట దానిని రెండు పెన్ డ్రైవులలో నెక్కించి, "వదినా, ఒకటి మీ యొద్ద నుండనిండు" అనెను. నాన్నగారి కండ్లద్దముల ప్రక్కన పెట్టెలో పెట్టితిని.