మిలాన్‌లో మూడు రోజుల రొట్టె

డిసెంబర్‌లో మిలాన్‌లో ఎటు చూసినా అట్టపెట్టెలే. ట్రామ్‌లో, మెట్రోలో, ఆఫీసుల ముందు... ఎవరి చేతిలో చూసినా ఎత్తుగా ఓ పెట్టె, పట్టుకోవడానికి పైన రిబ్బన్. చూడ్డానికి టోపీల పెట్టెల్లా ఉంటాయి. లోపల ఉండేది మాత్రం రొట్టె. తియ్యటి క్రిస్మస్ రొట్టె. పేరు పనెత్తోనే. ‘పానెటోన్’ అని మధ్యలో ఆపేస్తే ఇక్కడివాళ్లు మొహం అదోలా పెడతారు. చివర ‘నే’ పలకాల్సిందే!

పైన గుమ్మటంలా ఉబ్బి, ముదురు గోధుమరంగులో ఉంటుంది. కోస్తే లోపలంతా పసుపు. వేళ్లతో లాగితే పోగులు పోగులుగా విడిపోతుంది. మధ్యమధ్యలో ఎండుద్రాక్ష, చక్కెర పాకంలో ఊరబెట్టిన నారింజ తొక్కలు, మన దబ్బకాయను పోలిన చేద్రో అనే పండు తొక్కలు. నా రూమ్మేట్‌ది గుంటూరు. మొదటి ముక్క నోట్లో పెట్టుకోగానే తనకు గుర్తొచ్చింది బేకరీలో తిన్న దిల్‌పసంద్. అందులో టూటీ ఫ్రూటీ ఉంటుంది కదా, అందుకు. టూటీ ఫ్రూటీ అన్న మాట కూడా ఇటాలియన్‌దే. ‘అన్ని పండ్లూ’ అని అర్థం. మన దగ్గర దాన్ని పచ్చి బొప్పాయితో చేస్తారని చెబితే ఇక్కడి ఫ్రెండ్స్ పడీపడీ నవ్వారు.

ఇదే రొట్టె సూపర్ మార్కెట్‌లో ఐదారు యూరోలకు దొరుకుతుంది. పేరున్న స్వీట్ షాపులో కిలో నలభై యూరోల దాకా ఉంటుంది. పేరు ఒకటే, బరువు ఒకటే. మరి అంత తేడా ఎందుకు? కిందటి డిసెంబర్‌లో మూడు రోజులు ఇంట్లో కూర్చుని చేశాక నాకు అర్థమైంది.

పేరు చుట్టూ కథలు

ముందు పేరు సంగతి చూద్దాం. 15వ శతాబ్దం చివర్లో మిలాన్‌ను లుదొవీకో స్ఫోర్జా ఏలేవాడు. లియొనార్డో డావిన్సీ చేత ‘లాస్ట్ సప్పర్’ వేయించింది ఈయనే. ఓ క్రిస్మస్ విందుకు ఈయన వంటవాడు చేసిన స్వీట్ మాడిపోయిందట. వంటింట్లో చిన్నాచితకా పనులు చేసే తోనీ అనే కుర్రాడు మిగిలిన పిండి, వెన్న, గుడ్లు, ఎండుద్రాక్ష కలిపి ఓ రొట్టె కాల్చాడట. అది అందరికీ తెగ నచ్చేసి, ‘తోనీ రొట్టె’ కాస్తా పనెత్తోనే అయిందట. వినడానికి బాగుంటుంది. కానీ ఇది జనం చెప్పుకునే కథే. అసలు సంగతి చాలా సింపుల్. ‘పనెత్తో’ అంటే చిన్న రొట్టె. ఇటాలియన్‌లో చివర ‘ఓనే’ తగిలిస్తే అది పెద్దదైపోతుంది. అంటే, ‘పే...ద్ద రొట్టె’ అన్నమాట.

ఇప్పుడు మనం చూసే పొడవాటి ఆకారం మరీ పాతదేం కాదు. 1919లో ఆంజెలో మోత్తా అనే ఆయన మిలాన్‌లో బేకరీ పెట్టాడు. అప్పటిదాకా పొట్టిగా ఉండే రొట్టె చుట్టూ కాగితం కట్టి పైకి ఎదిగేలా చేసిన పేరు ఆయనదే. తర్వాత జొవాకీనో అలెమాన్యా పోటీకి దిగాడు. ఇద్దరి ఫ్యాక్టరీలూ కలిసి ఒక ఊరి రొట్టెను ఇటలీ అంతటి పండగ రొట్టెగా మార్చేశాయి. అన్నట్టు దీనికో ప్రత్యర్థి కూడా ఉంది. వెరోనా వాళ్ల పందోరో. ఎండుద్రాక్షా ఉండదు, తొక్కలూ ఉండవు. పైన చక్కెర పొడి, అంతే. 1894లోనే దానికి పేటెంట్ తీసుకున్నారు. క్రిస్మస్ రోజున ‘నువ్వు ఏ పార్టీ?’ అని అడిగితే ఈ రెండింట్లో ఒకటి చెప్పాలి.

పక్కింటి సిన్యోరా

మేం ఉండేది నవిల్యో గ్రాండే కాలువకు దగ్గర్లో. మిలాన్ పెద్ద చర్చి దువోమో కట్టడానికి పాలరాయి పడవల్లో వచ్చింది ఈ కాలువ మీదే. ఇప్పుడు ఒడ్డు పొడవునా బార్లు, రెస్టారెంట్లు. ఒక్క వీధి లోపలికి వస్తే మాత్రం పాత మిలాన్ ఇంకా ఉంది. మా బిల్డింగ్ లాంటివాటిని ‘కాసా ది రింగియేరా’ అంటారు. మధ్యలో ఖాళీ వాకిలి, చుట్టూ అంతస్తులు, ప్రతి అంతస్తుకూ ఇనుప రెయిలింగ్‌తో పొడవాటి బాల్కనీ. అందరి తలుపులూ ఆ బాల్కనీలోకే తెరుచుకుంటాయి. మన దగ్గర ఒకే కాంపౌండ్‌లో వరసగా అద్దె పోర్షన్లు ఉన్నట్టే. ఎవరింట్లో ఏం వండుతున్నారో చెప్పక్కర్లేదు, వాసనే చెప్పేస్తుంది.

మా పక్క పోర్షన్‌లో ఉండే పెద్దావిడకు ఎనభై దాటాయి. నేను ‘సిన్యోరా’ అని పిలుస్తాను. ఆవిడ భర్త బేకరీలో నైట్ షిఫ్ట్ చేసేవారట. ఆయన పోయి పదేళ్లయింది. ఆయన ఎప్పుడో తెచ్చి ఇంట్లో పెట్టిన పులిసిన పిండి ముద్ద మాత్రం ఇంకా బతికే ఉంది. ఇటాలియన్‌లో దాని పేరు ‘లియేవితో మాద్రె’. తల్లి పిండి అనుకోవచ్చు. వీడియో కాల్‌లో అమ్మకు వివరించబోతుంటే సగంలోనే ఆపి, ‘అంటే తోడు అన్నమాట’ అంది. అంతే! నిన్నటి పెరుగులోంచి ఇవాళ్టి పెరుగు వచ్చినట్టు, పాత పిండిలోంచి కొత్త పిండి. కాకపోతే దీనికి వారానికి ఒకసారైనా తిండి పెట్టాలి. దాని బరువుకు సమానంగా పిండి, అందులో సగం నీళ్లు. పెట్టకపోతే పుల్లబడిపోయి, నీరసించి, చివరికి పనికిరాకుండా పోతుంది.

నవంబర్‌లో ఓ సాయంత్రం సిన్యోరా మా తలుపు కొట్టింది. జనవరిలో ఇల్లు ఖాళీ చేసి బొలోన్యాలో కొడుకు దగ్గరికి వెళ్లిపోతోంది. వేళ్ల కీళ్లు పట్టేశాయి, పిండి పిసకడం ఇక ఆవిడ వల్ల కాదు. ‘ఈ ఇంట్లో ఇంకొక్కసారి చేయాలి. చేతులు నీవి, మాట నాది. సరేనా, కారా?’ అంది. కారా అంటే మనం బంగారం అన్నట్టు. కాదని ఎలా అంటాను?

మొదటి రోజు: స్నానం, మూడు పూటల తిండి

డిసెంబర్ 7 మిలాన్‌కు పెద్ద పండగ. ఊరి రక్షకుడు సెయింట్ అంబ్రోజియో రోజు. లా స్కాలా ఒపేరా హౌస్ సీజన్ మొదలయ్యేదీ ఆ సాయంత్రమే. 8న దేశమంతా సెలవు. కోట దగ్గర ‘ఓ బే ఓ బే’ అనే పాత తిరనాళ్ల జరుగుతుంటుంది. మా ఫ్రెండ్స్ అంతా అక్కడుంటే నేను ఉదయం ఏడింటికి సిన్యోరా వంటింట్లో ఉన్నా.

తల్లి పిండిని మిలాన్ వాళ్లు గుడ్డలో చుట్టి, తాడుతో బిగించి కడతారు. లోపల పులిసే కొద్దీ మూట ఫుట్‌బాల్‌లా గట్టిపడుతుంది. విప్పి, మధ్యలోంచి ఓ ముక్క కోసి నా నోటికి ఇచ్చింది. ‘పులుపు ఎంత?’ నాలుక కొంచెం చురుక్కుమంది. వెంటనే దానికి స్నానం! గోరువెచ్చని నీళ్లలో చిటికెడు చక్కెర వేసి, పిండి ముక్కల్ని పావుగంట నానబెట్టింది. ఎక్కువైన పులుపు నీళ్లలోకి దిగిపోతుంది. ఇడ్లీ పిండి పులిస్తే మనకు సంతోషం. ఇక్కడ పొంగు కావాలి, పులుపు కనిపించకూడదు. తేడా అంతా అక్కడే.

తర్వాత నాలుగేసి గంటలకు ఒకసారి తిండి. ఏడింటికి, పదకొండింటికి, మూడింటికి. ప్రతిసారీ దాన్ని 28 డిగ్రీల వెచ్చదనంలో ఉంచాలి. బయట చూస్తే మంచు, చలి. ఓవెన్ వెలిగించకుండా లోపలి లైటు ఒక్కటే వేసి ఉంచితే ఆ వెచ్చదనం సరిపోతుంది. చలికాలంలో దోసెల పిండి పొంగక తిప్పలు పడే హాస్టల్ పిల్లలూ, ఈ చిట్కా రాసిపెట్టుకోండి.

రాత్రి ఏడింటికి మొదటి పిండి కలిపాం. రెండు కిలో రొట్టెలకు మొత్తం లెక్క ఇది: పిండి అరకిలో, వెన్న 320 గ్రాములు, చక్కెర 200, గుడ్డు పచ్చసొనలు 12, తల్లి పిండి 120, ఎండుద్రాక్ష, తొక్కలు కలిపి 480. మామూలు మైదా ఇంత వెన్నను మోయలేదు. అందుకే మానితోబా అనే గట్టి పిండి వాడతారు. కెనడాలోని ఆ ప్రాంతం పేరే దానికి పెట్టారు. వీటిలో కొంత రాత్రికి, మిగతాది పొద్దునకి. ఎండుద్రాక్ష, తొక్కలన్నీ పొద్దునే. మిగిలిన 12 తెల్లసొనల్ని నా రూమ్మేట్ రెండు రోజులు ఆమ్లెట్లు వేసుకుంది, తిట్టుకుంటూ.

రెండో రోజు: తలకిందులు

పొద్దునకల్లా పిండి మూడింతలు అయింది. అప్పుడు మిగతా పిండి, పచ్చసొనలు, చక్కెర, కొంచెం తేనె, ఉప్పు, వెనీలా వేసి మళ్లీ పిసకాలి. వెన్న అన్నిటికంటే ఆఖర్న, అదీ కొంచెం కొంచెంగా. ఒకేసారి వేస్తే పిండి పట్టు వదిలేస్తుంది. ముద్దను రెండు చేతులతో లాగితే చిరగకుండా, అవతలి వెలుతురు కనిపించేంత పల్చటి పొరలా సాగాలి. సిన్యోరా కుర్చీలో కూర్చుని ‘ఇంకా, ఇంకా’ అంటూనే ఉంది. నలభై నిమిషాలకు ‘బాస్తా’ అంది. చాలు అని.

గుండ్రంగా చేసి కాగితం అచ్చుల్లో పెట్టాక ఆరేడు గంటలు ఎదురుచూపులే. ఆ టైమ్‌లో ఆవిడ అలమరాలోంచి పాత ఫొటోలు తీసింది. అందులో భర్తవి పండగ ఫొటోలు ఒక్కటీ లేవు. ‘డిసెంబర్ అంతా ఆయన భట్టీ దగ్గరే. ఊరందరి పండగా ఆయన చేతుల్లోంచి వెళ్లేది, మా ఇంటికి రావడానికే టైమ్ ఉండేది కాదు. అందుకే ఈ ముద్ద తెచ్చిచ్చాడు. నేను చేసేదాన్ని, ఆయన నిద్రలేచి తినేవాడు’ అంది. సూపర్ మార్కెట్ పెట్టెకీ స్వీట్ షాపు పెట్టెకీ తేడా నాకు అక్కడ తెలిసింది. 2005లో ఇటలీ ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం ఆ పేరు పెట్టి అమ్మాలంటే వెన్న కనీసం 16 శాతం, పండ్లు 20 శాతం, పచ్చసొన 4 శాతం ఉండాలి. సహజంగా పులిసిన పిండే వాడాలి. రూలు ఫ్యాక్టరీకైనా చిన్న షాపుకైనా ఒకటే. కానీ ఫ్యాక్టరీలో ఎదురుచూసేది మెషీన్. చిన్న షాపులో ఎవరో ఒక మనిషి రాత్రంతా మేలుకోవాలి. మనం కట్టేది ఆ రాత్రుల ఖరీదు.

పిండి అచ్చు అంచుకు రెండు వేళ్లు కిందిదాకా వచ్చాక పైన బ్లేడుతో ప్లస్ గుర్తు కోసి, మధ్యలో చిన్న వెన్న ముక్క పెట్టాం. 165 డిగ్రీల్లో సుమారు 50 నిమిషాలు. లోపలి వేడి 94 డిగ్రీలకు రాగానే తీసేయాలి. అసలు విచిత్రం ఇక్కడే. తీసిన వెంటనే రొట్టె అడుగున రెండు పొడవాటి ఊచలు గుచ్చి, తలకిందులుగా వేలాడదీయాలి! వేడి మీద అది ఎంత మెత్తగా ఉంటుందంటే, నిటారుగా ఉంచితే దాని బరువుకు అదే కుంగిపోతుంది. రెండు కుర్చీల మధ్య రెండు రొట్టెలూ గబ్బిలాల్లా రాత్రంతా వేలాడాయి. బాల్కనీ అంతా వెన్న, నారింజ వాసన. పై అంతస్తు వాళ్లు కిందికి వంగి చూసి ‘ఎవరింట్లో?’ అని కేకేశారు. సిన్యోరా గొంతు నేను ఎప్పుడూ విననంత గట్టిగా వినిపించింది: ‘మా ఇంట్లో!’

మూడో రోజు, ఆ తర్వాత

మూడో రోజు పని తక్కువే. నిటారుగా తిప్పి, కవర్లో బిగించి కట్టడం. వెంటనే కోయకూడదు. రెండు మూడు రోజులు ఆగితే వాసనలన్నీ ఒకదాంట్లో ఒకటి కలుస్తాయి. ఒకటి క్రిస్మస్‌కు బొలోన్యా వెళ్లింది. రెండోది ఆవిడ వెళ్లే ముందు మా బాల్కనీలో కోసి ఇంటింటికీ పంచింది. ఒక ముక్క మాత్రం కాగితంలో చుట్టి నాకిచ్చి, ‘ఫిబ్రవరి 3 దాకా ముట్టుకోకు’ అంది. ఆ రోజు సెయింట్ బ్యాజో పండగ. క్రిస్మస్ నాటి పనెత్తోనే ముక్క ఆ ఉదయం తింటే ఏడాదంతా గొంతు నొప్పి రాదని మిలాన్ వాళ్ల నమ్మకం. షాపులు కూడా మిగిలినవాటిని ఆ రోజు చవగ్గా అమ్మేస్తాయి. మీరు ఫిబ్రవరిలో ఇటు వస్తే గుర్తుంచుకోండి.

ఇక తల్లి పిండి. కొడుకు ‘ఎందుకమ్మా, షాపులో దొరుకుతుంది కదా’ అన్నాడట. ఆయన్ని తప్పు పట్టలేం. ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇంట్లో దాన్ని చూసుకునేదెవరు? నాది కూడా స్టూడెంట్ బతుకే, జులైలో కోర్సు అయిపోతుంది, తర్వాత ఏ ఊరో. అదే చెప్పాను. ఆవిడ కాసేపు ఆలోచించి ముద్దను మూడు ముక్కలు చేసింది. ఒకటి నాకు, ఒకటి కింది అంతస్తులో కొత్తగా దిగిన జంటకు, ఒకటి సన్నగా పరిచి ఆరబెట్టి, పొడిచేసి సీసాలో. ‘ఒకరి దగ్గర పోతే ఇంకొకరి దగ్గర అడగండి’ అంది. తోడు లేకపోతే మన వీధిలో చేసేదీ ఇదే.

ఇప్పుడు ప్రతి గురువారం రాత్రి మూట విప్పి, రుచి చూసి, తిండి పెట్టి, మళ్లీ కడతాను. పది నిమిషాల పని. ఆదివారం సిన్యోరా ఫోన్ చేస్తే ముందు దాని గురించే అడుగుతుంది, తర్వాత నా గురించి. ఈస్టర్‌కు ఇలాంటి పిండితోనే పావురం ఆకారంలో ‘కొలొంబా’ అనే రొట్టె చేస్తారు. కింది జంట ఇప్పటికే అచ్చులు కొనేశారు. నేను క్యాలెండర్‌లో మూడు రోజులు ఖాళీ పెట్టుకున్నా.